సిగ్నే దాచిన ఐదులు

మా కివి హార్బర్‌లో ఒక మనిషిని తిట్టడానికి బూతులు అక్కర్లేదు. "వాడా? సొంత డబ్బా కొట్టుకుంటాడు" అంటే చాలు. ఆ మాట పడ్డవాడు ఆర్నెల్లపాటు చర్చిలో వెనక బెంచీ దాటి ముందుకు రాడు. సుపీరియర్ సరస్సులో ముప్పై పౌన్ల ట్రౌటు పట్టినవాణ్ణి అడిగినా "ఏదో, చిన్న చేప తగిలింది" అంటాడు. దాని తోక ట్రక్కు వెనక తలుపు దాటి బయటికి వేలాడుతూ ఉంటుంది. అయినా చిన్న చేపే!

అలాంటి ఊళ్ళో, పిల్లల చేత వాళ్ళ గొప్పలు వాళ్ళే చెప్పించే ఉద్యోగం వెర్నా హౌటలాది. హైస్కూల్లో కౌన్సెలర్. ముప్పై ఒక్క ఏళ్ళుగా బాయిలర్ గది పక్కన అదే గది, అదే బల్ల, బల్ల కింద అవే ఇంట్లో తొడుక్కునే చెప్పులు. ఎందుకంటే మాకు మే నెల దాకా మంచు బూట్లు లేకుండా గడప దాటే యోగం లేదు. కాలేజీలకి దరఖాస్తు పెట్టే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన కాగితాలు అచ్చు తీసి ముందు ఆవిడకి చూపించాలి. ఆవిడ ఎర్ర పెన్ను తీసి "ఏదో", "కొంచెం", "అదృష్టం కొద్దీ", "మా టీచర్ దయవల్ల" లాంటి మాటలన్నీ ఏరి కొట్టేస్తుంది. అవి తీసేశాక కొందరి వ్యాసాల్లో మిగిలేది నాలుగు వాక్యాలే.

"నువ్వు హాకీ జట్టు కెప్టెన్‌వా కాదా?" అని ఒకసారి ఒక కుర్రాణ్ణి నిలదీసింది.

"అంటే... వాళ్ళందరూ ఉండమంటే ఉన్నానండీ."

"మూడేళ్ళు ఉన్నావా?"

"ఇంకెవరూ ముందుకి రాలేదండీ."

ఇదీ ఆవిడ బతుకు. రాయి పిండి నీళ్ళు తీయడం ఇంతకంటే తేలిక.

అన్నిటికంటే పెద్ద రగడ అడ్వాన్స్‌డ్ పరీక్షల మార్కులతో. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి మే నెలలో రాసే పరీక్షలవి. జూలైలో మార్కు వస్తుంది, ఒకటి నుంచి ఐదు లోపల. ఐదంటే అంతకు మించి లేదు. ఒకటంటే వచ్చి కూర్చున్నావు, సంతోషం అని. వీటిలో ఒక వెసులుబాటుంది. దరఖాస్తులో ఏ మార్కు చెప్పాలో, ఏది చెప్పక్కర్లేదో పిల్లల ఇష్టం. కాలేజీలు ఒప్పుకున్నదే, ఇందులో దొంగతనం ఏమీ లేదు. వెర్నా ప్రతి సెప్టెంబరులోనూ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పే మాట ఒకటే: "నాలుగూ ఐదూ పండగ బట్టలు, వేసుకుని వెళ్ళండి. మూడు వస్తే ఏ కాలేజీయో చూసి నన్నడగండి. రెండూ ఒకటీ అలమరలో పడుకుంటాయి, వాటిని లేపకండి."

ఆ యేడు నవంబరు పద్నాలుగున కథ అడ్డం తిరిగింది. సిగ్నే రౌటియో అనే పిల్ల దరఖాస్తు పెడుతున్న కాలేజీ గడువు పదిహేనో తారీఖు. కాలేజీ ఉన్నది షికాగోకి అవతల, వాళ్ళకేం తెలుసు? మాకు పదిహేనో తారీఖంటే జింకల వేట మొదలయ్యే రోజు. స్కూలుకి సెలవు, బ్యాంకు సగం పూట, మంగలి షాపు తలుపుకి "వేటకెళ్ళాను" అన్న అట్టముక్క. ముందు రోజు మధ్యాహ్నానికే ఊరంతా నారింజరంగు టోపీలు పెట్టుకుని అడవి దారి పడుతుంది. అక్కడ ఫోనుకి సిగ్నలు ఉండదు, ఉండాలని ఎవరూ కోరుకోరు కూడా. కాబట్టి కాలేజీ గడువు పదిహేనైతే సిగ్నే గడువు పద్నాలుగు, సాయంత్రం నాలుగు గంటలు. వాళ్ళ నాన్న బండి కదిలే వేళ అది.

భోజనం వేళకి వెర్నా గదికి తిరిగొచ్చేసరికి తలుపు కింద నుంచి తోసిన కాగితాలు కనబడ్డాయి. సిగ్నే మనిషి లేదు, ఆ రోజు ఒంటిపూట బడే కాబట్టి కాగితాలు పెట్టి ఇంటికి జారుకుంది. వెర్నా నిలబడే తిరగేసింది. వ్యాసం బాగుంది. ఆరేళ్ళుగా ఆ పిల్ల ప్రతి శీతాకాలం సరస్సు మీద మంచుగడ్డకి కన్నం తొలిచి, మందం కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఊళ్ళో చేపల వేటగాళ్ళు సిగ్నే సరేననందే గడ్డ మీద కాలు పెట్టరు. ఆ ముక్క మాత్రం వ్యాసంలో లేదనుకోండి. ఆ సంగతి వెర్నా తన సిఫారసు ఉత్తరంలో రాసి సోమవారమే కాలేజీకి పంపింది.

తరువాత పేజీ మార్కులది. వెర్నా చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

అమెరికా చరిత్ర: 2. ఇంగ్లీషు: 3. అంతే.

సిగ్నే రాసినవి నాలుగు పరీక్షలు. లెక్కల్లో ఐదు, కెమిస్ట్రీలో ఐదు. మా స్కూల్లో ఆ రెండు పాఠాలూ చెప్పే టీచరే లేడు. ఆ పిల్ల లైబ్రరీలో ఒక మూల కంప్యూటర్ తెర ముందు కూర్చుని, ఎక్కడో ఎవరో చెప్పే పాఠాలు విని రాసింది. ఒకే ఏడు రెండు ఐదులు తెచ్చుకున్న పిల్లని వెర్నా ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో చూడలేదు. ఆ రెండు గళ్ళూ కాగితం మీద ఖాళీగా ఉన్నాయి. తొందరలో మరిచిపోయి ఉంటుందనుకుని వెంటనే వాళ్ళింటికి ఫోన్ చేసింది.

"సిగ్నే, లెక్కల మార్కు పడలేదమ్మా ఇందులో. కెమిస్ట్రీది కూడా."

"పడకపోవడం కాదు మిసెస్ హౌటలా. నేనే పెట్టలేదు."

"ఐదు పెట్టలేదా?"

"ఊఁహూఁ."

"రెండు పెట్టావు!"

"రెండొచ్చింది కదండీ మరి."

వెర్నా కుర్చీలో కూలబడింది. "ఐదు కూడా వచ్చిందే కదే తల్లీ! అది దాచిపెడితే ఎలా?"

"అది దాచడం కాదండీ, చెప్పుకోకపోవడం. రెండు చెప్పకపోతే దాచడం." ఇక్కడ సిగ్నే గొంతు తగ్గించింది. "మా ముమ్మో పక్కనే ఉంది, నేను ఫోన్ పెట్టేస్తానండీ." ముమ్మో అంటే మా వైపు నాయనమ్మ.

ఫోన్ పెట్టేశాక వెర్నాకి ఒళ్ళు మండింది. ఆ కాలేజీ ఏటా గుప్పెడు మంది పిల్లలకి మాత్రమే చదువు, తిండి, గది అన్నీ తానే పెట్టుకుని సీటిస్తుంది. ఆ సీటు వస్తే సిగ్నే ఇంజనీరింగుకి వెళ్తుంది. రాకపోతే వాళ్ళ నాన్న జీతంతో అయ్యే పని కాదు, ఈ ఊళ్ళోనే ఏదో ఒక పని చూసుకోవాలి. ఇంజనీరింగు సీటుకి చరిత్రలో రెండు చూపించి లెక్కల్లో ఐదు దాచే పిల్ల ఈ భూప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా? ఉండదు. మా ఊళ్ళోనే ఉంటుంది. వెర్నా కోటు వేసుకుని బండి తాళాలు తీసుకుంది.

సిగ్నే వాళ్ళ నాన్న డేల్ గురించి ఇక్కడో మాట చెప్పాలి. డేల్ రౌటియో కౌంటీ మంచు బండి నడుపుతాడు. పొద్దున్నే బండి ముందున్న పెద్ద బ్లేడుతో రోడ్డు మీద మంచు పక్కకి తోసుకుంటూ పోతాడు, ఆ తోసిన మంచంతా గట్టులా పేరుకుని ఇళ్ళ వాకిళ్ళకి అడ్డం పడుతుంది. నడుం లోతు, రాయిలాంటి గడ్డ. వెర్నా మొగుడు ఆర్వో పదేళ్ళుగా రోజూ గంటసేపు పార పట్టుకుని దాన్ని తవ్వి బండి బయటికి తీస్తున్నాడు. వెర్నా ఒకసారి కోఆప్ దుకాణంలో డేల్‌ని పట్టుకుని అడిగేసింది కూడా: "మా వాకిలి దగ్గర కాస్త ఆ బ్లేడు పక్కకి తిప్పకూడదా?" దానికి డేల్ చాలాసేపు ఆలోచించి, "మీకు తిప్పితే అందరికీ తిప్పాలి" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తన తల్లి వాకిలికీ అంతే గట్టు పడుతుంది మరి. నీతిగా బతికే మనిషితో పోట్లాడటం కంటే గోడతో పోట్లాడటం నయం.

వెర్నా వెళ్ళేసరికి రెండుంపావు. డేల్ ట్రక్కులోకి దుప్పట్లు, తుపాకీ పెట్టె, నాలుగు డజన్ల, మాంసం కూరి కాల్చిన పాస్టీ రొట్టెలు ఎక్కిస్తున్నాడు. ఆవిణ్ణి చూసి తల ఆడించాడు. లోపల వంటింట్లో డేల్ తల్లి లెంపీ రౌటియో, ఎనభై నాలుగేళ్ళ మనిషి, అప్పటికే కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. బండి చప్పుడు విని పెట్టి ఉంటుంది. సిగ్నే బల్ల చివర లాప్‌టాప్ ముందు కూర్చుని, తప్పు చేసి దొరికిన పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మా దగ్గర రెండో కప్పు దాకా అసలు విషయం ఎత్తకూడదు. వెర్నా గోడ గడియారం వైపు చూస్తూ మంచు గురించి, జింకల గురించి, ఎవరి మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడింది. యాలకుల వాసన కొట్టే నిసు అనే తీపి రొట్టె ఒక ముక్క తింది. రెండో కప్పు నిండగానే ఇక ఆగలేదు.

"లెంపీ గారూ, సిగ్నే తన మంచి మార్కులు కాగితంలో పెట్టడం లేదు."

"ఊఁ," అంది లెంపీ.

"చెడ్డవి పెట్టింది."

"మంచి పని చేసింది. మా అమ్మ చెప్పేది, తప్పు మనం చెప్పుకోవాలి, ఒప్పు ఎదుటివాళ్ళు చెప్పాలి అని. నిండు కుండ తొణుకుతుందా?"

"తొణక్కపోతే అది నిండుగా ఉందని వాళ్ళకెలా తెలుస్తుందండీ? వాళ్ళకి తొమ్మిది వేల కుండలు వస్తాయి!"

"మూత తీసి చూసుకోమను."

సిగ్నే నవ్వు ఆపుకోలేక కప్పులో మొహం పెట్టేసింది. వెర్నా ఈసారి పాత ఎత్తు వేసింది. ఇలాంటి ఇళ్ళలో అది ఎన్నోసార్లు పని చేసింది. "చూడండి, నా ఉత్తరంలో నేను దీని మార్కులు మెచ్చుకుంటూ రాశాను. ఆ ఉత్తరం వెళ్ళిపోయింది, వెనక్కి రాదు. ఇప్పుడు ఈ కాగితంలో ఆ మార్కులు లేకపోతే వాళ్ళు నన్ను అబద్ధాలకోరు అనుకోరా? మీ మనవరాలి వల్ల నాకా పేరు రావాలా?"

లెంపీ కొంచెంసేపు ఆలోచించింది. వెర్నాకి ఆశ పుట్టింది.

"అయితే ఎదుటివాళ్ళు చెప్పేశారన్నమాట," అంది లెంపీ తాపీగా. "నువ్వు చెప్పావుగా. ఇంక అది మళ్ళీ చెప్పుకోవడం ఎందుకు?"

ఔరా! ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడటమంటే ఇదే.

"అడగందే అమ్మైనా పెట్టదు లెంపీ గారూ," అంది చివరికి, నీరసంగా.

"నేను ఎవరూ అడగకపోయినా పెట్టాను," అని లెంపీ రొట్టె పళ్ళెం ఆవిడ ముందుకు తోసింది.

గడియారం మూడైంది. బయట డేల్ ట్రక్కు తలుపు వేసిన చప్పుడు. వెర్నా పళ్ళెం వైపు చూసింది, తరువాత సిగ్నే వైపు. ఆ పిల్ల లాప్‌టాప్ మీద చేయి పెట్టి, ఇప్పుడో ఇప్పుడో కాగితాలు పంపే మీట నొక్కేలా ఉంది. భయం లేదు ఆ మొహంలో. తాను చాలా సరైన పని చేస్తున్నానన్న ప్రశాంతత ఉంది. వెర్నాకి ఆ మొహం బాగా తెలుసు. అద్దంలో చూసింది. నలభై నాలుగేళ్ళ కింద.

"నేనొకటి చెప్తాను," అంది. "ఎవరికీ చెప్పలేదు. ఆర్వోకి కూడా. డెబ్బై తొమ్మిది చలికాలంలో ట్రెజోనా మాస్టారు స్కూలయ్యాక మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. బాయిలర్ ఆపేసేవాళ్ళు, కోట్లు వేసుకునే కూర్చునేవాళ్ళం. మేలో పరీక్ష రాశాం. పెద్ద వంతెన దాటి దక్షిణాన ఉన్న పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. మీ మార్కులేమిటి అని గళ్ళు ఇచ్చారు. నేను ఖాళీగా వదిలేశాను. మాస్టారు ఉత్తరం రాస్తారు కదా, ఆయనే చెప్తారు అనుకున్నాను. ఆయనకి ఆ తరువాతి శీతాకాలం గుండెనొప్పి వచ్చింది. ఉత్తరం వెళ్ళలేదు."

వెర్నా కప్పు పక్కకి జరిపింది.

"యూనివర్సిటీ వాళ్ళు మర్యాదగానే రాశారు. మీరు పై స్థాయి చదువు చదివినట్టు మాకు ఆధారమేమీ కనబడలేదు అని. నేను ఊళ్ళో అందరికీ ఏం చెప్పానో తెలుసా? సరస్సు వదిలి వెళ్ళాలనిపించలేదు, అందుకే ఇక్కడే చదువుకుంటున్నా అని. అందరూ నమ్మారు. కొన్నేళ్ళకి నేనూ నమ్మాను. ఇక్కడ బతికినందుకు నాకేం బాధ లేదు లెంపీ గారూ, ఒట్టు. కానీ చెప్పి ఉంటే ఏమయ్యేదో! అది మాత్రం ఇప్పటికీ తెలీదు. అదే గుచ్చుతుంది. కొన్ని రోజులైతే ఏడుపొస్తుంది. నేనప్పుడు అణకువ అనుకున్నాను. అది అణకువ కాదు, భయం. నాకూ సిగ్నేలాగే ఐదొచ్చింది, తెలుసా?"

లెంపీ కాఫీ కుండ ఎత్తబోయి ఆగింది. "సిగ్నేలాగే అంటే?"

"ఐదు. సిగ్నేకి వచ్చినట్టే."

"సిగ్నేకి ఐదొచ్చిందా?"

వెర్నా తిరిగి సిగ్నే వైపు చూసింది. సిగ్నే బల్ల కింద దూరిపోయేలా కుంచించుకుపోయింది.

"ఎంతలో ఐదు?" అంది లెంపీ.

"ఐదులో ఐదండీ. ఒకటి కాదు, రెండు. లెక్కల్లో, కెమిస్ట్రీలో."

ముసలావిడ చేతిలో కుండ అలాగే ఉండిపోయింది. అటు తలుపు దగ్గర, ఐసు పెట్టె కోసం లోపలికి వచ్చిన డేల్ కూడా గుమ్మంలోనే నిలబడిపోయాడు, బూట్ల మంచు నేల మీద కరుగుతోంది.

"జూలైలో రెండొచ్చిందని చెప్పావు," అంది లెంపీ మనవరాలితో. "సౌనా ఆవిరి గది మెట్ల మీద కూర్చుని గంటసేపు ఏడ్చావు. నేనే నీకు తువ్వాలు తెచ్చిచ్చాను. అప్పుడు ఈ ఐదులు నీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి ముమ్మో."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదా. నీకు తెలుస్తుందిలే అనుకున్నా."

"ఎలా తెలుస్తుంది? కల్లోకొస్తుందా?" లెంపీ కుండ ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఒప్పు ఎదుటివాళ్ళు చెప్పాలన్నాను. ఎదుటివాళ్ళకి తెలీకుండా పాతిపెట్టమన్నానా? నేను నీకు ఎదుటిదాన్ని కానా? ప్రతి ఆదివారం చర్చి కాఫీ దగ్గర ఆ ఎడ్నా బర్మన్ తన మనవడు డ్రైవింగ్ పరీక్ష పాసయ్యాడని చెప్తే విన్నాను. ఒక వారం కాదు, నాలుగు వారాలు! అది కూడా రెండోసారికి పాసయ్యాడు! నోరు మూసుకుని విన్నాను. నా ఇంట్లో రెండు ఐదులు పెట్టుకుని!"

ఈ జన్మలో లెంపీ రౌటియో ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడటం వెర్నా ఎప్పుడూ వినలేదు. ఆవిడ లేచి, కత్తి తీసుకుని, నిసు రొట్టె మధ్యలోంచి మందంగా ఒక ముక్క కోసి సిగ్నే పళ్ళెంలో పెట్టింది. ఆ మధ్య ముక్క పాస్టరు గారొస్తే పెడతారు. సిగ్నే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇటు తిప్పు ఆ పెట్టెని," అంది లెంపీ. "నువ్వు చెప్పుకోవడం నాకిష్టం లేదు. నేను చెప్తాను. ఎక్కడ నొక్కాలి?"

సిగ్నే లాప్‌టాప్ తిప్పింది. లెంపీ కళ్ళజోడు పెట్టుకుని, గుడ్డు పెట్టబోయే కోడిలా సర్దుకుని కూర్చుని, చూపుడు వేలొక్కటే చాపి లెక్కల గడిలో 5 నొక్కింది. కెమిస్ట్రీ గడిలో నొక్కబోతే 55 పడింది.

"తీసెయ్ ముమ్మో, ఐదుకి మించి ఉండదు!"

"నాకు తెలుసు," అంది లెంపీ. తెలియదు.

ఒకటి చెరిపారు. వెర్నా ఊపిరి పీల్చుకుని, మెల్లగా చేయి చాపి పైన ఉన్న చరిత్ర మార్కు మీద వేలు పెట్టింది. "ఇంక ఈ రెండు తీసేద్దాం. దీన్ని పడుకోనిద్దాం."

"వద్దండీ," అంది సిగ్నే.

"అది నీకు మేలు చెయ్యదమ్మా. చెప్పక్కర్లేదని వాళ్ళే అంటున్నారు."

"తెలుసు. కానీ రెండు ఐదులూ చెప్పి ఆ చరిత్ర మార్కు చెప్పకపోతే, అక్కడికెళ్ళేది నేను కాదండీ, ఇంకెవరో అనిపిస్తుంది. వాళ్ళు నన్ను వద్దంటే నన్నే వద్దననివ్వండి."

ముప్పై ఒక్క ఏళ్ళ సూత్రం, సెప్టెంబరు నెలల పాఠాలు, పండగ బట్టలు, అలమర, అన్నీ వెర్నా నాలిక చివర దాకా వచ్చాయి. పదిహేడేళ్ళ పిల్ల తన కళ్ళలోకి సూటిగా చూస్తూ ఒక మాట గట్టిగా అనడం ఇదే మొదటిసారి. దాన్ని కొట్టెయ్యడానికి ఎర్ర పెన్ను చేతికి రాలేదు.

"సరే. నీ పేరు, నీ కాగితం."

మూడు నలభైకి సిగ్నే మీట నొక్కింది. డేల్ ఐసు పెట్టె ఎత్తుకుని "ఊఁ" అని బయటికి వెళ్ళాడు. ఆ ఊఁ ఎప్పటికంటే కాస్త పొడుగ్గా ఉందని వెర్నాకి అనిపించింది. పదినిమిషాల్లో తండ్రీకూతుళ్ళు అడవి దారి పట్టారు.

వెర్నా కోటు తొడుక్కుంటుంటే లెంపీ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "ఆర్వోకి చెప్పు ఆ సంగతి."

"ఇన్నేళ్ళకి ఏం చెప్పనండీ? నవ్వుతాడు."

"పోనీ నేను చెప్పనా? ఆదివారం చర్చిలో?"

"వద్దు తల్లీ, మీకు పుణ్యముంటుంది!" అని వెర్నా పరుగులాంటి నడకతో బండెక్కింది. లెంపీ మాట నిలబెట్టుకునే మనిషి కాబట్టి, ఆ తరువాత రెండు ఆదివారాలు వెర్నాకి చర్చికి వెళ్ళలేనంత జలుబు చేసింది.

వేట ముగిసింది, పొలాలూ రోడ్లూ ఒకటే తెల్లదనమైపోయాయి. డిసెంబరు సగమైంది. కాలేజీ జవాబు ఎప్పుడొస్తుందో వెర్నాకి తెలుసు, ఆ రోజు సాయంత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కూడా. ఎవరూ చేయలేదు. సిగ్నే చేయదు. సీటొస్తే అది చెప్పుకోవడమవుతుంది, రాకపోతే తప్పు తన మీద వేసుకుని తరువాత చెప్తుంది. చరిత్రలో రెండు చూపించబట్టే పోయిందేమో, నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది అని రాత్రి పక్క మీద దొర్లింది వెర్నా.

తెల్లారేసరికి పద్నాలుగు అంగుళాల కొత్త మంచు. ఆర్వో బూట్ల తాళ్ళు బిగించుకుని, చెవుల టోపీ లాక్కుని, డేల్‌ని నాలుగు మాటలని, పార తీసుకుని బయటికి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చాడు. పార పొడిగా ఉంది.

"డేల్ గాడికి ఒంట్లో బాగాలేదేమో వెర్నా."

"ఏమైంది?"

"వచ్చి చూడు."

వెర్నా గౌను మీదే కిటికీ దగ్గరికి వచ్చింది. రోడ్డు పొడుగునా ప్రతి ఇంటి ముందూ నడుం లోతు గట్టు. ఈ పక్క ఇంటికి ఉంది, ఆ పక్క ఇంటికి ఉంది, వీధి చివర లెంపీ ఇంటికీ ఉంది. వెర్నా వాళ్ళ వాకిలి ముందు మాత్రం లేదు. బ్లేడుతో లోపలి దాకా, పోస్టు డబ్బా చుట్టూ, బండి ఆగే చోటు దాకా నున్నగా తుడిచిపెట్టి ఉంది. ఒక్క చెంచాడు మంచు లేదు.

వెర్నా కిటికీ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"సీటొచ్చింది ఆర్వో!"

"ఎవరికి?"

"సిగ్నేకి. అంతా వాళ్ళే పెట్టుకునే సీటు!"

"ఎవరు చెప్పారు?"

"డేల్," అని వాకిలి వైపు చూపించింది.

ఆర్వో చాలాసేపు ఆ వాకిలి వైపు చూశాడు. పదేళ్ళుగా తవ్వినవాడు కదా, దాని విలువ అతనికంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది? వచ్చి బల్ల దగ్గర కూర్చుని బూట్లు విప్పుకోసాగాడు. రోజూ తవ్వే గంట ఏం చేసుకోవాలో తోచనట్టుంది. వెర్నా అతనికి కాఫీ పోసింది, తనకీ పోసుకుంది. రెండో కప్పు దాకా కూడా ఆగలేదు.

"ఆర్వో, నాకు డెబ్బై తొమ్మిదిలో ఐదొచ్చింది."

"ఏం ఐదు?"

"అడ్వాన్స్‌డ్ పరీక్షలో. లెక్కల్లో."

అతను ఒక బూటు చేత్తో పట్టుకుని ఆవిడ వైపు చూశాడు. "ఎంతలో?"

"ఐదులో."

ఆర్వో బూటు కింద పెట్టాడు. నవ్వలేదు. లేచి, ఒక కాలికి బూటుతోనే కుంటుతూ గోడ దగ్గరికి వెళ్ళి ఫోను తీశాడు. ఆర్వోకి ఫోనంటే పరమ అసహ్యం. ఎవరైనా పోతే తప్ప దాన్ని ముట్టుకోడు. అన్నగారి నంబరు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"రూబెన్, నేనే. ...లేదు లేదు, ఎవరూ పోలేదు. మా ఆవిడ గురించి నీకో సంగతి చెప్పాలి."

వెర్నా చెవులు ఎర్రబడ్డాయి. వద్దనడానికి చెయ్యి పైకెత్తింది, మళ్ళీ దించేసి, కాఫీ కప్పులోకి చూస్తూ మొత్తం వింది.